తలకిందులుగా రాసిన పేరు

బుధవారం పొద్దున్న పదకొండు గంటలప్పుడు సుధామయికి ఆ పసివాడి చావు కనిపించింది.

ఇంగ్లండుకి నైరుతి మూల, కార్న్‌వాల్ సీమలో, సెయింట్ టెన్నో అనే పల్లె. అక్కడి చర్చి పాదిరి 1830 అక్టోబరులో ఖననాల పుస్తకంలో రాసిన వరస అది. పేరు విలియం ట్రెంబాత్. నివాసం పెండారో. వయసు రెండేళ్లు. పక్కన పాదిరి సంతకం. అంతే.

సుధామయి మౌసు మీంచి చెయ్యి తీసేసింది. పక్కనున్న రెండో తెర మీద ఇదే విలియం ట్రెంబాత్ ఇరవై ఒక్కేళ్లవాడై ఓడెక్కి కెనడా వచ్చాడు. సార్నియా దగ్గర అడవి కొట్టి పొలం చేసుకున్నాడు, ఎనిమిదిమంది పిల్లల్ని కన్నాడు, డెబ్బై ఆరో ఏట పోయాడు. ఆ వంశవృక్షం వేసింది తనే. రెండేళ్లకి మట్టిలో కలిసినవాడికి ఎనిమిదిమంది పిల్లల్ని అంటగట్టింది తనే.

కింద గోడౌనులో లారీలోంచి టైర్లు దించుతున్నారు. టైరు పడ్డప్పుడల్లా పైన ఈ మూడు గదుల ఆఫీసులో టీకప్పులు కదులుతాయి. కెనడాలోని ఈ బ్రాంప్టన్‌లో ఇలాంటి ఆఫీసు ఒకటుందని దాని పక్క షాపువాళ్లకే తెలియదు. ఇక్కడివాళ్లు తమ తాతముత్తాతలెవరో తెలుసుకోవాలనుకుంటే పెద్ద కంపెనీలకి రాస్తారు. ఆ కంపెనీలు పని విడగొట్టి సుబ్బరాజులాంటి వాళ్లకిస్తాయి. సుబ్బరాజు దగ్గర పాత చేతిరాత చదవగలిగిన మనిషి సుధామయి ఒక్కతే. ఒంగోలు కాలేజీలో చరిత్ర చెప్పినావిడ. రోజుకి నూట ఇరవై పేజీలు చదువుతుంది. సాయంత్రానికి బస్సు నంబరు కూడా సాగదీసిన సిరా గీతల్లా కనిపిస్తుంది.

ఆవిడ బాప్తిస్మాల పుస్తకం మళ్లీ తెరిచింది. పిల్లాడు పోయాడంటే కెనడా వచ్చిన విలియం వేరే ఎవడో అయ్యుండాలి. 1827 నుంచి మొదలుపెట్టి ఒక్కో పేజీ తిప్పింది. ప్రతి పేజీకి అచ్చువేసిన ఎనిమిది గళ్లు, గడికొక బిడ్డ. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తండ్రి వృత్తి. గని కూలీ, గని కూలీ, రైతు, కమ్మరి, గని కూలీ. తగరపు గనుల ఊరు అది. 1828 జూన్‌లో, తను ముందే పట్టుకున్న కెప్టెన్ కొడుకు విలియం ఉన్నాడు. గనుల్లో కెప్టెన్ అంటే పై మేస్త్రీ, ఊళ్లో పాదిరి తర్వాత అంతటివాడు. అంతకుమించి మరో విలియం ట్రెంబాత్ ఎక్కడా లేడు.

మూడు గంటలకి కళ్లు భగభగమన్నాయి. కళ్లద్దాలు తీసి, మోచెయ్యి బల్లకానించి, చేతిమీద తల వాల్చింది. అలా ఓరగా చూస్తుంటే, 1829 ఫిబ్రవరి పేజీలో ఆఖరి గడి కింద ఉన్న సిరా మరక ఎందుకో వరసగా, ఎత్తుపల్లాలుగా కనిపించింది. మరకకి ఎత్తుపల్లాలెందుకుంటాయి? మూడు వారాల క్రితం ఈ పేజీ చూసినప్పుడు మరకే అనుకుని దాటేసింది.

కళ్లద్దాలు పెట్టుకుని పేజీని తెర మీద తలకిందులు చేసింది. మరక అక్షరాలయింది.

'విలియం. గ్రేస్ ట్రెంబాత్‌కి పుట్టిన అక్రమ సంతానం. ఆమె ఈ ఊరి పెళ్లికాని ఆడది.'

గడిలో కాదు. వరస నంబరు లేదు. ఎనిమిది మంది పిల్లల్ని గళ్లలో తిన్నగా రాసిన పాదిరి, తొమ్మిదోవాడి దగ్గరికొచ్చేసరికి పుస్తకాన్ని అటు తిప్పి, అంచున, తలకిందులుగా రాసి మూసేశాడు. చేతిరాత అదే, సిరా అదే. సుధామయి చాలాసేపు ఆ రెండు లైన్లనే చూసింది. ఆ మనిషి పుస్తకం తిప్పడం కళ్లకి కట్టినట్టయింది. తిప్పడానికి కూడా కొంచెం శ్రమ పడాలి. శ్రమపడి తిప్పాడు.

ఇక మిగతా తీగ లాగడానికి రెండు గంటలు పట్టలేదు. ఊరి బీదల సంరక్షకులు దాచిన కాగితాల్లో 1838 నాటి ఒప్పందం దొరికింది. 'ఈ ఊరి బీద బిడ్డ విలియం ట్రెంబాత్, వయసు తొమ్మిది.' వాణ్ణి ఒక రైతు దగ్గర ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా పనికి కట్టేశారు. కింద తల్లి సంతకానికి బదులు ఒక ఇంటూ గుర్తు. ఇరవై ఒకటి నిండిన ఏడాదే కెనడా ఓడ. సార్నియాలోని సమాధి రాయి మీద పుట్టిన సంవత్సరం 1829 అనే ఉంది. ఒక్క ఏడాది తేడాని తనే 'రాయి చెక్కినవాడి పొరపాటు' అని రాసి పక్కన పెట్టింది. కెనడాలో విలియం తన మొదటి కూతురికి పెట్టిన పేరు గ్రేస్. కెప్టెన్ భార్య పేరు ఎలిజబెత్. విలియం ఐదుగురు కూతుళ్లలో ఒక్క ఎలిజబెత్ కూడా లేదు.

"సుధామయి గారూ, ట్రెంబాత్ వాళ్ల ఫ్యామిలీ బుక్ అయిందాండి?" సుబ్బరాజు తలుపు దగ్గర నిలబడి అడిగాడు. యాభై దాటిన మనిషి. భీమవరం నుంచి ఇరవై ఏళ్ల క్రితం సాఫ్ట్‌వేర్ పని మీద వచ్చి, ఆ పని పోయాక ఇందులో దిగాడు. ఫోను ఎప్పుడూ అరచేతిలో వెల్లకిలా పట్టుకుని ఉంటాడు. "రేపు మధ్యాహ్నం ప్రింటర్‌కి పంపాలి. శనివారం వాళ్ల పెద్దాయన తొంభయ్యో బర్త్‌డే."

"రాజుగారూ, ఒకసారి ఇది చూడండి."

ఆయన వచ్చి వెనక నిలబడ్డాడు. ఆవిడ పసివాడి ఖననం చూపించింది, తర్వాత తిప్పిన పేజీ చూపించింది. ఆయన రెండూ చూశాడు. తప్పు అర్థంకాని మనిషి కాదు.

"ఇది ఎవరికి కనిపిస్తుందండీ?" అన్నాడు చివరికి.

"మనకి కనిపించింది కదండీ."

"రేపు మాట్లాడదాం." వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. "మీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా రేపు చూస్తా. మర్చిపోలేదు."

ఆ లెటర్ సంగతి ఆయన మర్చిపోలేదని సుధామయికి తెలుసు. రెండు నెలల్లో మూడుసార్లు అడిగింది. మొదటిసారి ఇచ్చినదాంట్లో ఆవిడ ఉద్యోగం 'డేటా ఎంట్రీ క్లర్క్' అని ఉంది. ఆ మాటుంటే ఈ ఏడాదిన్నర పని కెనడాలో ఉండిపోవడానికి పెట్టే పీఆర్ అప్లికేషన్‌లో దేనికీ పనికిరాదు. మార్చిలో వర్క్ పర్మిట్ అయిపోతుంది. మార్చమని ఇచ్చిన కాగితం ఆయన బల్ల మీదే ఉంది.

*

బస్సు దిగి బేస్‌మెంట్ మెట్లు దిగేసరికి కూతురు భవిత సోఫాలో కోటుతోనే కూర్చుని ఉంది. పదకొండేళ్ల పిల్ల. హీటర్ మళ్లీ ఆగిపోయింది. ఇంటి ఓనర్లు పై అంతస్తులో ఉంటారు.

"పైన కనకదుర్గ ఆంటీకి చెప్పావా?"

"ఐ టెక్స్‌టెడ్ హర్," అంది భవిత ఫోన్లోంచి తలెత్తకుండా. "షీ సెడ్ ఫైవ్ మినిట్స్. లైక్, వన్ అవర్ ఎగో."

సుధామయి కుక్కర్ పెట్టి, పప్పులోకి చింతపండు నానేసింది. వేళ్లకి తడి తగిలితే హాయిగా ఉంది. భర్త రేవంత్ ఫోన్ చేశాడు. ట్రక్కు విన్నిపెగ్ దగ్గర మంచులో ఆగిపోయిందట, రోడ్డు తెరిచేదాకా పార్కింగ్‌లోనే ఉంటాడట. వెనక ఇంజిను చప్పుడు వినిపిస్తోంది.

"లెటర్ ఇచ్చాడా?"

"రేపన్నాడు."

"ఈసారి గట్టిగా అడుగు సుధా. నీ అప్లికేషన్ మీదే కదా అందరం."

"అడుగుతాను." తర్వాత పిల్లాడి సంగతి, గ్రేస్ సంగతి చెప్పింది. చెబుతుంటే తనకే అదంతా ఈ గదిలోకి ఇమడని వ్యవహారంలా అనిపించింది.

"రెండొందలేళ్ల కిందట పోయినావిడ," అన్నాడు రేవంత్ మెల్లగా. "ఇప్పుడావిడకి నువ్వు చేసేదేముంది? మనకి చూసుకో ముందు."

ఆ మాటలో కఠినం లేదు. అలసట ఉంది. ఆవిడ "ఊఁ" అంది.

భవిత అన్నం తింటూ అడిగింది. "వై అప్‌సైడ్ డౌన్?"

"ఏమో. మిగతా పిల్లల పక్కన ఉండకూడదని అయ్యుంటుంది."

"బట్ హీ వజ్ ఎ బేబీ."

సుధామయి పెరుగు గిన్నె పిల్ల ముందుకి జరిపింది.

*

గురువారం సుబ్బరాజు తన గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. మామూలుగా నిలబెట్టే మాట్లాడతాడు.

"రాత్రంతా ఆలోచించానండి," అన్నాడు. "ఆ పెద్దాయన కూతురు, జోన్, ఆవిడ నాకు తొమ్మిది మెయిల్స్ రాసింది. ప్రతి మెయిల్‌లో కెప్టెన్, కెప్టెన్. వాళ్లింట్లో తాతల నాటి మాట అది. ఇప్పుడు వెళ్లి, కాదమ్మా, మీరు కెప్టెన్ వంశం కాదు, తండ్రి పేరు తెలియని పిల్లాడి వంశం అని బర్త్‌డే రోజున చెబుతామా?"

"ముందే ఫోన్ చేసి చెప్పొచ్చండి. ఇవాళ చెబితే పుస్తకం ఒక వారం ఆలస్యమవుతుంది, అంతే."

"ఒక వారం కాదు. ఆ పెద్ద కంపెనీవాళ్లు మీ రీసెర్చ్ తప్పని నాకు పని ఇవ్వడం మానేస్తారు. మూడు వారాల క్రితం ఆ పేజీ చూసింది మీరే. మరక అనుకుంది మీరే."

అది నిజం. సుధామయి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నాకు మీమీద కోపం లేదండి," అన్నాడాయన. నిజంగానే లేదు. డ్రాయరు తీసి ఆవిడ ఇచ్చిన కాగితం పైకి తీశాడు, దాన్ని బల్ల మీద చదును చేశాడు. "మీరడిగినట్టే మారుస్తా. సోమవారం సంతకం పెట్టిస్తా. ఇది అలా ఉండనివ్వండి. ఎవరికీ నష్టం లేదు. శనివారం మీరూ రండి, పెద్దాయన ఆ పాత రాత చదివినవాళ్లని చూడాలన్నాట్ట."

ఎవరికీ నష్టం లేదు. ఆవిడ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసింది. నష్టపోయేవాళ్లు ఎవరూ బతికిలేరు. బతికున్నవాళ్లలో తన కూతురు ఉంది, కోటు వేసుకుని సోఫాలో కూర్చుని.

"సరేనండి," అంది.

తన కుర్చీకి తిరిగొచ్చి పుస్తకం ఫైలు తెరిచింది. పన్నెండో పేజీలో కెప్టెన్ కొడుకు బాప్తిస్మం రాసిన పేజీ బొమ్మ. దాని అంచులు సరిచేసింది, కింద వివరం రాసింది, ఒక కామా తీసి మళ్లీ పెట్టింది. పన్నెండున్నరకి ప్రింటర్‌కి పంపింది. పంపాక లేచి సింకు దగ్గరికి వెళ్లి కప్పు కడిగింది. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

*

శనివారం పొద్దున్నే బయల్దేరారు. దారిపొడవునా దున్ని వదిలేసిన పొలాలు, వాటి మీద పలచగా మంచు. సుబ్బరాజు హైవే మీద వంద దాటకుండా, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి నడిపాడు. పుస్తకం వెనక సీట్లో, బంగారు రంగు కాగితంలో చుట్టి ఉంది. సార్నియా దగ్గరకొచ్చేసరికి రసాయన ఫ్యాక్టరీల పొగ గొట్టాలు ఆకాశంలోకి తెల్లగా ఊదుతూ కనిపించాయి.

వృద్ధాశ్రమంలో భోజనాల గది. బెలూన్లు కట్టారు. పదిహేనుమంది దాకా ఉన్నారు. వాల్టర్ ట్రెంబాత్ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. ఆ గొట్టాల కిందే ముప్పై ఎనిమిదేళ్లు పైపులు బిగించిన మనిషి. చేతులు ఇంకా పెద్దవే, కణుపులు బాగా లావెక్కాయి. కూతురు జోన్ రిటైరైన టీచరు. బూడిదరంగు జుట్టు, మెళ్లో సన్నటి గొలుసు. వీళ్లని చూడగానే ఎదురొచ్చి సుధామయి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. "మీరు మా కోసం ఎంత చేశారో," అంది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి.

జోన్ పుస్తకం విప్పి తండ్రి ఒళ్లో పెట్టింది. ఆయన దాని మీద అరచెయ్యి తిప్పాడు. అట్ట, అంచు, కాగితం దళసరి, అన్నీ చేత్తోనే చూశాడు.

"నాకు ఎదురుగా ఉన్నది కనిపించదు," అన్నాడు సుధామయితో. మాటలన్నీ ఇంగ్లిషులోనే, నెమ్మదిగా. "కళ్ల మధ్యభాగం పోయింది. అంచుల్లోనే కాస్త కనిపిస్తుంది. ఆ పాత రాత చదివింది మీరేనా?"

"నేనేనండి."

"అయితే మీరే చదవండి. మా ముత్తాత దగ్గర్నుంచి."

ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. సుధామయి ఆయన పక్కన కూర్చుని పన్నెండో పేజీ తీసింది. అందరూ చుట్టూ చేరారు. సుబ్బరాజు వెనకగా, గోడ దగ్గర నిలబడ్డాడు.

"1828 జూన్ 15," చదివింది. "విలియం. తల్లిదండ్రులు విలియం, ఎలిజబెత్ ట్రెంబాత్. నివాసం పెండారో. తండ్రి వృత్తి, గని కెప్టెన్."

జోన్ కళ్లు తుడుచుకుంది. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు, ముసలాయన చెయ్యెత్తడంతో.

"ఒక్కటి నాకెప్పుడూ అర్థం కాలేదు," అన్నాడు వాల్టర్. "మా తాత నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. వాళ్ల నాన్నకి చదువు రాదట. పేరు రాయడం కూడా రాదట. పొలం కాగితాల మీద ఇంటూ గుర్తే పెట్టేవాడట. కెప్టెన్ కొడుక్కి పేరు రాయడం రాకపోవడమేమిటి?"

"ఆ రోజుల్లో స్కూళ్లు తక్కువండి," అన్నాడు సుబ్బరాజు వెనకనించి, మర్యాదగా.

"అయ్యుండొచ్చు," అన్నాడు వాల్టర్. మొహం మాత్రం సుధామయి వైపే ఉంది. సూటిగా చూస్తే కనిపించదు కాబట్టి కొంచెం పక్కకి, ఆవిడ చెవి దాకా చూస్తున్నాడు. "కానీ మీరు చదివారు కదా. మీరేమంటారు?"

ఆవిడ పేజీ అంచు మీద వేలు పెట్టుకుని కూర్చుంది. ఇంతకుముందు తను చేసినవన్నీ మాట్లాడకపోవడాలే. ఫైలు పంపడం, సరేననడం, కారెక్కడం. వాటిల్లో ఏదీ అబద్ధంలా అనిపించలేదు. ఇప్పుడు నోరు తెరిచి ఏదన్నా అంటే అబద్ధమే అవుతుంది. నూట పాతిక మంది పిల్లల ముందు చరిత్ర చెప్పిన గొంతు ఒకటి తనకుండేది. అది ఎక్కడికి పోయిందో తెలియదు.

"ఈయన మీ ముత్తాత కాదండి," అంది.

పేజీ మీంచి వేలు తీసింది.

"ఈ కెప్టెన్ కొడుకు రెండేళ్లకే చనిపోయాడు. ఖననం పేజీ నేను బుధవారం చూశాను. మీ ముత్తాత ఇంకో విలియం. అదే ఊరు. ఆయన తల్లికి పెళ్లి కాలేదు. తండ్రెవరో రాయలేదు. తొమ్మిదో ఏట ఆయన్ని ఒక రైతు దగ్గర పనికి పెట్టారు. అందుకే చదువు రాలేదు." కాస్త ఆగింది. "మొదట పొరపాటు చేసింది నేను. తెలిశాక చెప్పనిదీ నేనే."

జోన్ వంగి తండ్రి ఒళ్లోంచి పుస్తకం తీసుకుంది. మూసింది. "ఇవాళే చెప్పాలా ఇది?" అంది. గొంతు పెంచలేదు. అంత వెచ్చగా చెయ్యి పట్టుకున్న మనిషి ఇప్పుడు తనవైపు చూడటం లేదు.

"బుధవారమే చెప్పాల్సిందండి," అంది సుధామయి.

"జోన్, ఉండు." వాల్టర్ కుర్చీ చక్రాన్ని చేత్తో కొంచెం తిప్పి ఇటు దగ్గరకొచ్చాడు. "ఆ అసలు విలియం గురించి ఏం రాశారు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

అది పుస్తకంలో లేదు. ఆవిడకి నోటికి వచ్చు. మెత్తబరచకుండా, పాదిరి వాడిన మాటలతోనే చెప్పింది. ఆ ఒక్క మాట దగ్గర గది వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"తల్లి పేరు మళ్లీ చెప్పండి."

"గ్రేస్."

ముసలాయన తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. "మా అక్క గ్రేస్," అన్నాడు. "మా మేనత్త గ్రేస్. ఇంట్లో ప్రతి తరంలోనూ ఒకత్తి ఉండాల్సిందే. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. పేరు బావుందని అనుకున్నాం."

జోన్ పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని నిలబడింది. "నా మధ్య పేరూ అదే," అంది, ఎవరితోనూ కానట్టు.

"ఆ అబ్బాయి ఓడెక్కాక," అడిగాడు వాల్టర్, "ఆవిడేమైంది?"

"తెలియదండి. నేను వెతకలేదు."

"ఎందుకు?"

సుధామయి నిజమే చెప్పింది. "ఆవిడ గురించి ఎవరూ అడగలేదు."

తర్వాత కేకు కోశారు. కోయక తప్పదు కదా. పిల్లలు పాట పాడారు. సుబ్బరాజు ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడే తిన్నాడు. వెళ్లేటప్పుడు జోన్ తలుపు దాకా వచ్చింది కానీ చెయ్యివ్వలేదు.

*

లండన్ ఊరు దాటాక పెట్రోలు బంకు దగ్గర ఆగారు. ఒంటారియోలోనూ ఒక లండన్ ఉంది. పెట్రోలు కొట్టించాక సుబ్బరాజు లోపలికెళ్లి రెండు కాఫీలు తెచ్చాడు. ఒకటి ఆవిడకిచ్చి, ఇంజిను స్టార్ట్ చేయకుండా కూర్చున్నాడు.

"అలా అందరి ముందూ చెప్పేముందు నన్నొక మాట అడగాల్సిందండి."

"అడిగాను రాజుగారూ. గురువారం అడిగాను."

ఆయన కాఫీ మూత తీసి మళ్లీ పెట్టాడు. "మా నాన్న పేరు ఇక్కడి నా కాగితాల్లో తప్పు పడిందండి," అన్నాడు కాసేపటికి, అద్దంలోంచి బయటికి చూస్తూ. "సూర్యనారాయణ రాజు. సూర్య వరకే రాసి ఆపేశారు. మార్పించుకుందామని ఇరవై ఏళ్లుగా అనుకుంటున్నా." ఆ మాట ఎందుకు చెప్పాడో ఆయనకే తెలియనట్టుంది. కారు తీశాడు.

ఆదివారమంతా సుధామయి బట్టలుతికింది. రేవంత్‌కి ఫోన్‌లో జరిగింది చెప్పింది. "సరే," అన్నాడతను. "సరేలే. తిన్నావా?"

సోమవారం ఆవిడ వచ్చేసరికి కీబోర్డు మీద కవరుంది. అందులో లెటర్. సంతకం ఉంది, స్టాంపు ఉంది. ఉద్యోగం, డేటా ఎంట్రీ క్లర్క్.

నిలబడే రెండుసార్లు చదివింది. కోటు విప్పలేదు. మామూలుగానైతే దాన్ని బ్యాగులో పెట్టుకుని, నాలుగోసారి ఎలా అడగాలా అని సాయంత్రం దాకా మాటలు పేర్చుకునేది. ఇవాళ కోటుతోనే ఆయన గదికి వెళ్లింది.

"ఇది తప్పండి," అంది. "నేను చేసే పని ఇది కాదు."

సుబ్బరాజు తలెత్తాడు. కళ్ల కింద నల్లగా ఉంది. "పొద్దున్న ఆ కంపెనీవాళ్లతో మాట్లాడానండి. పుస్తకం మళ్లీ వెయ్యాలి. మీవల్లే."

"వేస్తాను. తప్పులు నేనే దిద్దుతాను. ఈ కాగితంలో తప్పు మాత్రం మీరు దిద్దాలి."

"మధ్యాహ్నం చూద్దాం."

"నేనిక్కడే ఉంటానండి."

కుర్చీ లాక్కుని కూర్చుంది. గట్టిగా అనలేదు. కూర్చోవాలనిపించింది, కాళ్లు లాగుతున్నాయి. కింద టైర్లు పడుతున్నాయి. ఆయన ఫోను చూసుకున్నాడు, ఒక మెయిల్‌కి జవాబిచ్చాడు, మళ్లీ ఆవిడ వైపు చూశాడు. ఆవిడ అలాగే ఉంది. చివరికి ఫైలు తెరిచి, ఆ మాట చెరిపేసి, వంశాలు వెతికేవాళ్ల ఉద్యోగం పేరు రెండు వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు.

"జీనియాలజిస్ట్ స్పెల్లింగ్ చెప్పండి," అన్నాడు. "ఎప్పుడూ తప్పు పడుతుంది నాకు."

ఆవిడ ఒక్కో అక్షరమే చెప్పింది. ఆయన ఒక్కో అక్షరమే కొట్టాడు. ప్రింటరు కాగితం వదిలాక సంతకం పెట్టి ఇస్తూ, "జోన్‌గారు మెయిల్ పెట్టారు," అన్నాడు. "మీకు పంపించా."

మెయిల్‌లో నాలుగే వాక్యాలున్నాయి. పలకరింపు లేదు. నాన్న శనివారం నుంచీ అడుగుతూనే ఉన్నారు. మీరు మాకు ఆరోజే చెప్పినందుకు నేనింకా సమాధానపడలేదు. కానీ కొడుకు వెళ్లిపోయాక గ్రేస్ ఎన్నాళ్లు బతికిందో, ఎక్కడుందో కనుక్కోగలరా? వీలైనంత త్వరగా, ఆయనకి తొంభై ఏళ్లు.

సుధామయి కోటు విప్పి కుర్చీకి తగిలించింది. సెయింట్ టెన్నో ఖననాల పుస్తకం తెరిచింది. విలియం ఓడెక్కింది 1850లో. అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఒక్కో పేజీకి ఎనిమిది మంది. పసిపిల్లలు, గనిలో పడ్డవాళ్లు, ముసలివాళ్లు. ప్రతి పేరు మీదా వేలు పెట్టి చూసింది. గళ్లన్నీ అయ్యాక పేజీ తిప్పి అంచులూ చూసింది. 1850లో గ్రేస్ లేదు. 1851లో లేదు. 1852 చలికాలంలో ఊళ్లో జబ్బు ఏదో వచ్చినట్టుంది, పేజీలకి పేజీలు నిండాయి. వాటిల్లోనూ లేదు.

ఇన్నాళ్లూ ఈ పుస్తకాల్లో పేరు దొరకడమే పని. ఇవాళ దొరక్కుండా పోతున్న ప్రతి పేజీకీ ఆవిడ భుజాలు కొంచెం కొంచెం వదులవుతున్నాయి. 1853 డిసెంబరు ఆఖరి వరస చదివింది. ఒక కమ్మరి, ఒక వారం రోజుల బిడ్డ. నోట్ పుస్తకంలో ఆ సంవత్సరం పక్కన తెలుగులో రాసుకుంది: 'గ్రేస్ బతికే ఉంది.'

తర్వాతి పేజీ తెరిచింది.